వాయిదా అడిగేటప్పుడు తేదీ ఒక్కటే అడక్కండి

మీరు రాసింది రెండుసార్లు చదివాను. నాకు అర్థమైన సంగతి ఇది. కాలిఫోర్నియాలో 880 హైవే మీద వెనక నుంచి కారు వచ్చి గుద్దింది, మీ ఆవిడకి నడుములో డిస్క్ దెబ్బతింది. 2023 మార్చిలో అలమీడా కౌంటీ సుపీరియర్ కోర్టులో కేసు వేశారు. పోయినేడు ఎదుటి వైపు వాళ్ళు అడిగితే ట్రయల్ ఒకసారి వాయిదా పడింది. కొత్త తేదీకి ఇంక సరిగ్గా ఆరు వారాలుంది. ఇంజెక్షన్లతో తగ్గుతుందనుకున్న నొప్పికి రెండు వారాల కిందట సర్జన్ ఆపరేషన్ తప్పదన్నాడు. మీ లాయరు వాయిదా అడుగుదామంటోంది. ఇన్సూరెన్స్ వైపు లాయరేమో "మా డాక్టరు మళ్ళీ పరీక్ష చేయడానికి ఒప్పుకుంటే మేమూ సంతకం పెడతాం" అంటున్నాడు. ఈలోగా మీ అత్తగారికి నెలలోపు గుంటూరు టికెట్ ఉంది, ట్రయల్ వారంలోనే మీ బావమరిది పెళ్ళి. వాయిదా మంచిదేనా, ఇద్దరు లాయర్లూ సంతకం పెడితే సరిపోతుందా, పెళ్ళిని కారణంగా చూపొచ్చా అని అడిగారు.

ముందే చెప్తున్నాను, నేను లాయర్ని కాదు. బే ఏరియాలో గాయాల కేసులు నడిపే ఆఫీసుల్లో పదిహేడేళ్ళుగా పారాలీగల్ని, అంటే లాయర్ల వెనక కాగితాల పని చూసే మనిషిని. వాదించేది లాయర్లు, క్యాలెండర్ మోసేది మేము. అందుకని తేదీల గురించి మాత్రం కాస్త గట్టిగానే చెప్పగలను.

మా పెదనాన్న తెనాలిలో ఒక ప్లీడరు గారి దగ్గర గుమాస్తా. ఆయన నోట రోజుకి పదిసార్లు వచ్చే మాట వాయిదా. అక్కడ ఒక పక్షానికి మూడుసార్లకి మించి వాయిదా ఇవ్వకూడదని సివిల్ ప్రొసీజర్ కోడ్ 17వ ఆర్డరులో 2002 నుంచి అమల్లో ఉంది. అది ఎంతవరకు అమలవుతోందో కోర్టు వరండాలో నిలబడ్డవాళ్ళకి తెలుసు. అయినా అక్కడ యాక్సిడెంటు కేసు మోటారు ప్రమాదాల ట్రిబ్యునల్లో జడ్జి ఒక్కరే వింటారు. ఇవాళ డాక్టరు రాకపోతే వచ్చే నెల వస్తాడు, విచారణ ముక్కలు ముక్కలుగా సాగినా నడిచిపోతుంది. ఇక్కడ వినేది జ్యూరీ, అంటే పన్నెండు మంది మామూలు మనుషులు. ఉద్యోగాలు మానుకుని, పిల్లల్ని ఎవరికో అప్పజెప్పి వస్తారు. వాళ్ళని కూర్చోబెట్టాక విచారణ ఒక్క బిగిన జరిగి తీరాలి, పన్నెండు మందిలో తొమ్మిది మంది ఒక మాట మీదకి వస్తే తీర్పు. కాబట్టి ట్రయల్ తేదీ ఇక్కడ పెళ్ళి ముహూర్తం లాంటిది. మండపం, మేళం, వంటవాళ్ళు అన్నీ దాన్ని బట్టే కుదురుతాయి. ముహూర్తం మారిందని మేళం వాడికి ఎవరూ చెప్పకపోతే ఏమవుతుందో, మీ కేసులో నాకున్న భయం అదే.

కాలిఫోర్నియా చట్టంలో డిస్కవరీ, అంటే ప్రశ్నలు, డిపొజిషన్లు (కోర్టు బయట ప్రమాణం చేయించి తీసుకునే వాంగ్మూలాలు), రికార్డులు రాబట్టుకోవడం, ట్రయల్‌కి 30 రోజుల ముందు ముగిసిపోతుంది. ఏ ట్రయల్ తేదీకి? మొదట పెట్టిన తేదీకి. ట్రయల్ వాయిదా పడినంత మాత్రాన డిస్కవరీ మళ్ళీ తెరుచుకోదని ఇక్కడి సివిల్ ప్రొసీజర్ కోడ్ 2024.020 సెక్షన్ విడమరిచి చెప్తుంది. ఎక్స్‌పర్టుల (సాక్ష్యం చెప్పే డాక్టర్ల లాంటి నిపుణుల) పేర్లు ఇచ్చిపుచ్చుకునే రోజు కూడా అంతే, మొదటి ట్రయల్ తేదీకి మామూలుగా 50 రోజుల ముందు. అంటే పోయినేడు వాయిదా వేసిన ఆర్డరులో "డిస్కవరీ, ఎక్స్‌పర్టుల గడువులన్నీ కొత్త తేదీని బట్టే లెక్కించాలి" అన్న వాక్యం ఉందా లేదా అన్నదాని మీద మీ కథ అంతా ఉంది. ఉంటే, ఆరు వారాల్లో, అంటే 42 రోజుల్లో, ఆ 30 పోను మీకు ఇంకా 12 రోజులుంది. లేకపోతే తలుపు పోయినేడే మూసుకుపోయింది, మీకెవరూ చెప్పలేదంతే.

ఇది ఊహించి చెప్తున్నది కాదు. నేను ఇదివరకు పనిచేసిన ఒక ఆఫీసులో ఇలాగే జరిగింది. రెండు వైపులా స్నేహంగా మాట్లాడుకుని నాలుగు నెలల వాయిదాకి స్టిప్యులేషన్, అంటే ఒప్పంద పత్రం, రాసుకున్నారు, జడ్జి సంతకం పెట్టారు. ఒక పేజీ కాగితం, అందులో కొత్త ట్రయల్ తేదీ తప్ప ఇంకేమీ లేదు. తర్వాత మా క్లయింటుని చూడటం మొదలుపెట్టిన న్యూరోసర్జన్ పేరు ఎక్స్‌పర్టుల జాబితాలో చేర్చబోతే ఎదుటి వైపు "గడువు ముగిసింది" అంది. అంతకుముందు నెల వరకు ఫోన్లో నవ్వుతూ మాట్లాడిన లాయరే. తప్పు ఆయనది కాదు, ఆయన క్లయింటు ఆయనకి ముఖ్యం. గడువు తెరవమని కోర్టులో మోషన్, అంటే అర్జీ, వేశాం, జడ్జి ఒప్పుకోలేదు. ఆ కేసు రావలసినదానికంటే తక్కువకి సెటిల్ అయింది. ఆ కాగితం టైపు చేసింది నేనే. అప్పటినుంచి "తేదీ మారిస్తే చాలు" అని ఎవరైనా అంటే నాకు నిద్రపట్టదు.

లాస్ ఏంజెలెస్ కోర్టువాళ్ళకి ఈ అనుభవం ఎన్నిసార్లు ఎదురైందో ఏమో, గాయాల కేసుల కోసం వాళ్ళు అచ్చేసిన వాయిదా ఫారం పేరులోనే ట్రయల్‌తో పాటు దాని వెనకుండే మోషన్, డిస్కవరీ తేదీల మాట కూడా పెట్టారు. అలమీడాలో మీ లాయరు సొంతంగా రాస్తుంది కాబట్టి ఆ వాక్యం ఆవిడ గుర్తుంచుకుని రాయాలి.

ఇక రెండో సంగతి, మీ సర్జన్. ఆపరేషన్ కావాలని ఆయన అన్నది రెండు వారాల కిందట. గడువులు కొత్త తేదీని బట్టే నడుస్తున్నాయనుకుంటే, ఎక్స్‌పర్టుల జాబితాలు ఇచ్చిపుచ్చుకున్నది, ఆ 50 రోజుల లెక్కన, ఎనిమిది రోజుల కిందట. మరి ఆ జాబితాలో ఆయన పేరు ఉందా? మీ లాయరుని రేపు పొద్దున అడగాల్సిన మొదటి ప్రశ్న ఇదే. చికిత్స చేస్తున్న డాక్టరుకి డబ్బిచ్చి పెట్టుకున్న ఎక్స్‌పర్టుకి రాసినట్టు పొడుగాటి డిక్లరేషన్ (ప్రమాణం మీద ఇచ్చే వివరణ) అక్కర్లేదు, పేరు, చిరునామా ఇస్తే చాలు. ఉంటే మీ పరిస్థితి చాలా మెరుగు. లేకపోతే జాబితాలో చేర్చడానికి విడిగా మోషన్ వేయాలి, దానికీ ఆలస్యం ఎందుకైందో చెప్పుకోవాలి. ఇది వాయిదా అర్జీతో కలిపి నడవాల్సిన పని, తర్వాత చూసుకునేది కాదు.

ఇప్పుడు సంతకాల సంగతి. మీరు విన్నది పూర్తిగా అబద్ధం కాదు. లాయర్లందరూ రాతపూర్వకంగా ఒప్పుకుంటే 30 రోజులకి మించకుండా కోర్టు వాయిదా వేయాలని అదే కోడ్ 595.2 సెక్షన్‌లో నిజంగానే ఉంది. "వేయాలి" అనే ఉంది. కానీ 1934లోనే కాలిఫోర్నియా సుప్రీంకోర్టు ఆ మాటకి కోర్టు చేతులు కట్టేసే బలం లేదని తేల్చింది. అదిగాక రూల్స్ ఆఫ్ కోర్ట్‌లో 3.1332 అన్న రూలు ఉంది. ట్రయల్ తేదీలు గట్టివి, వాయిదాలు కోర్టుకి ఇష్టం లేనివి, ఇద్దరూ ఒప్పుకున్నా సరే సరైన కారణం చూపిస్తూ మోషనో ఎక్స్ పార్టే అర్జీయో వేయాల్సిందే అని అది చెప్తుంది. ఇద్దరూ ఒప్పుకున్నారన్నది జడ్జి చూసే అంశాల్లో ఒకటి మాత్రమే. మిగతావి: ట్రయల్ ఎంత దగ్గర్లో ఉంది, ఇంతకుముందు వాయిదా పడిందా, ఎన్నాళ్ళు అడుగుతున్నారు, వాయిదా లేకుండా ఆ ఇబ్బంది తీర్చే దారి ఉందా, ఎవరికి నష్టం, కోర్టు క్యాలెండర్ మీద ఎంత బరువు. పోయినేడు పడిన వాయిదా మీరు అడిగింది కాదన్న సంగతి అర్జీలో ఒక వాక్యంగా రావాలి, లేకపోతే లెక్కలో అది మీ ఖాతాలోనే పడుతుంది.

ఎక్స్ పార్టే అన్న మాట దగ్గర మనవాళ్ళు తికమకపడతారు. మన ఊళ్ళో ఎక్స్‌పార్టీ అంటే ఎదుటివాడు రాకుండా పోతే ఇచ్చే డిక్రీ. ఇక్కడ ఎక్స్ పార్టే అంటే అర్జంటు అర్జీ. ఎదుటి వైపుకి ముందు పనిరోజు పొద్దున పదింటికల్లా కబురు చెప్పాలి, వాళ్ళూ వచ్చి మాట్లాడొచ్చు. మామూలు మోషన్ అయితే విచారణకి 16 పనిరోజుల ముందు కాగితాలు అందాలి, ఈమెయిల్‌లో పంపితే ఇంకో రెండు పనిరోజులు కలుపుకోవాలి. మీకున్న ఆరు వారాల్లో అది కాగితం మీద సరిపోతుంది. కానీ జడ్జి క్యాలెండర్‌లో ఖాళీ దొరకాలి, అది దొరికేలోపు మీ 12 రోజులూ అయిపోతాయి. కాబట్టి మీ లాయరు ఎక్స్ పార్టే వేస్తానంటే "అంత హడావుడి ఎందుకు, మామూలుగానే వేయండి" అనకండి. ఆవిడ రైటు.

జడ్జి ముందు నిలబడేది కారణం కాదు, ఆ కారణం వెనక ఉన్న తేదీలు. ఆపరేషన్ కావాలని సర్జన్ ఏ రోజు చెప్పాడు, అది రాతలో ఏ రోజు వచ్చింది, లాయరుకి ఎప్పుడు తెలిసింది, ఎదుటి వైపుకి ఎప్పుడు చెప్పింది, కోర్టుకి ఎప్పుడు వచ్చింది. ఈ అయిదు తేదీల మధ్య ఖాళీలు ఎంత చిన్నవైతే అర్జీకి అంత బలం. అవసరం తెలియగానే వీలైనంత త్వరగా అడగాలన్నది ఆ 3.1332 లోనే ఉంది. రెండు వారాలు ఇప్పటికే పోయాయి. ఇంకో వారం పోతే "మరి అప్పుడే ఎందుకు రాలేదు?" అన్న ప్రశ్నకి జవాబు వెతుక్కోవాలి.

ఇక్కడ మిమ్మల్ని ఒకటి అడగాలి, జవాబు నాకు కాదు, మీ లాయరుకి చెప్పండి. ఆపరేషన్ మాట అంతకుముందు ఏ డాక్టరైనా అన్నాడా? ఎమ్మారై తీయించమంటే ఇండియా ప్రయాణం ఉందని నాలుగు నెలలు ఆపారా? ఫిజికల్ థెరపీ మధ్యలో మానేశారా? ఇలాంటివి ఉంటే ఎదుటి వైపు దగ్గర మెడికల్ రికార్డుల్లో ఉంటాయి. కేసు పరిస్థితి అనుకోకుండా మారిపోయింది అని మీరు ప్రమాణం మీద చెప్పాక, ఆరు నెలల కిందటి రికార్డులో "ఆపరేషన్ గురించి చర్చించాం" అన్న ఒక్క లైను బయటపడితే వాయిదా పోతుంది, దాంతో పాటు మీ ఆవిడ మాటకున్న విలువ కూడా పోతుంది. లాయరు దగ్గర సిగ్గుపడి దాచుకునేవాళ్ళని మనవాళ్ళలో ఎక్కువ చూశాను. "అది చెప్తే కేసు బలహీనపడుతుందేమో అనుకున్నామండీ" అంటారు. బలహీనపడేది లాయరుకి చెప్పకపోతేనే.

వాయిదా మంచిదేనా అన్నారు. మీ విషయంలో, నా లెక్కలో, మంచిదే. ఆపరేషన్ ఇంకా జరగకముందు ట్రయల్‌కి వెళ్తే మీ సర్జన్ "చేయాల్సి వస్తుంది" అంటాడు, వాళ్ళ డాక్టరు "అక్కర్లేదు" అంటాడు, జ్యూరీ ఇద్దరు డాక్టర్ల మధ్య ఊగుతుంది. జరిగాక వెళ్తే చేసిన సర్జన్, కోసినచోట మచ్చ, ఆరు నెలలు మంచం పక్కన కూర్చున్న మనిషి ఉంటారు. తీర్పు ఒక్కసారే వస్తుంది, తర్వాత ఆపరేషన్ వికటించిందని మళ్ళీ కోర్టుకి వెళ్ళడానికి లేదు.

అలాగని కేసు కోసం ఆపరేషన్ చేయించుకోకండి, కేసు కోసం ఆపుకోకండి కూడా. ఇది ఎందుకు చెప్తున్నానంటే, 2011లో కాలిఫోర్నియా సుప్రీంకోర్టు ఒక తీర్పు ఇచ్చింది. అయిపోయిన చికిత్సకి ఇన్సూరెన్స్ ఉన్నవాళ్ళకి బిల్లులో వేసిన అంకె కాదు, ఆస్పత్రి నిజంగా తీసుకున్న మొత్తం వరకే వస్తుంది. అందుకని "ట్రయల్ అయ్యాక చేయించుకుంటే అంకె పెద్దగా కనిపిస్తుంది" అని సలహా ఇచ్చేవాళ్ళు దొరుకుతారు. నడుము మీ ఆవిడది, సలహా వాళ్ళది. ఆ నిర్ణయం సర్జన్‌తో ఆవిడే కూర్చుని చేసుకోవాల్సింది.

వాయిదాకి ఖర్చూ ఉంది. ట్రయల్ కోసం సమయం కేటాయించిన డాక్టర్లు ఆఖరి వారాల్లో రద్దు చేస్తే ముందు తీసుకున్న ఫీజు చాలామంది తిరిగివ్వరు. వాయిదా వల్ల ఎదుటి వైపుకి అయిన ఖర్చు మీరు భరించాలని జడ్జి షరతు పెట్టొచ్చు కూడా. కేసు మీద అప్పు తీసుకుని ఉంటే, అంటే సెటిల్‌మెంటు వస్తే కడతామని ఫండింగ్ కంపెనీ దగ్గర తెచ్చుకునేది, ఆ వడ్డీ ప్రతి నెలా మీ వాటాలోంచే పోతుంది. దాన్ని ఒక కాగితం మీద లెక్క వేసుకుని చూడండి, చాలామంది చూడరు. ఇటు వైపు లాభం ఒకటుంది. మీ లాయరు ఇంతకుముందు 998 సెక్షన్ కింద ఒక మొత్తానికి రాతలో ఆఫర్ పంపి, వాళ్ళు ఒప్పుకోకపోయి, చివరికి జ్యూరీ తీర్పు అంతకన్నా ఎక్కువ వస్తే, గాయాల కేసుల్లో ఆఫర్ ఇచ్చిన రోజు నుంచి ఏడాదికి 10 శాతం వడ్డీ పడుతుంది. అలాంటి ఆఫర్ ఉన్న కేసులో ఆలస్యం వాళ్ళకీ ఖరీదే. లేకపోతే ఇప్పుడైనా పంపాలా అని అడగండి.

వాళ్ళ డాక్టరు మళ్ళీ పరీక్ష చేస్తానంటున్నది అన్యాయమేమీ కాదు. గాయాల కేసులో మొదటి పరీక్ష కోర్టుని అడక్కుండానే వాళ్ళ హక్కు, రెండోదానికి కోర్టు అనుమతో మీ ఒప్పుకోలో కావాలి. ఆపరేషన్ కొత్తగా వచ్చింది కాబట్టి అడిగితే జడ్జి ఇచ్చే అవకాశమే ఎక్కువ. దాన్ని ఊరికే ఇవ్వకుండా బేరానికి వాడుకోండి: ఏ డాక్టరు, ఎంతసేపు, నడుముకే పరిమితమా, యాక్సిడెంటు కథ మళ్ళీ మొదటినుంచి అడగకూడదా, ఇవన్నీ స్టిప్యులేషన్‌లో రాయించుకోండి. శరీర పరీక్షకి మీ వైపు నుంచి ఒకరు పక్కన ఉండి చూడొచ్చు, మాటలు రికార్డు చేసుకోవచ్చు. ఆ పనికి నేనే చాలాసార్లు వెళ్ళాను. "ఇరవై నిమిషాలు చూశాను" అని రిపోర్టులో రాసిన డాక్టరు నిజంగా చూసింది ఏడు నిమిషాలని మా రికార్డింగు చెప్పిన సందర్భం ఒకటుంది. మీ ఆవిడని ఒంటరిగా పంపకండి.

పెళ్ళి సంగతి. చావు, జబ్బు, లేదా క్షమించదగ్గ ఇంకో కారణం వల్ల కక్షిదారు రాలేకపోతే అన్నది రూలులో మాట. తమ్ముడి పెళ్ళి మనకి ఎంత పెద్ద కారణమో నాకు తెలుసు, కానీ జడ్జికి అది ముందే తెలిసిన తేదీ, మార్చుకోగల ప్రయాణం. దాన్ని అర్జీలో అసలు పెట్టొద్దు. ఆపరేషన్ అన్న గట్టి కారణం పక్కన పెళ్ళి చేరిస్తే "ఓహో, అసలు కథ ఇదా" అనిపిస్తుంది. వాయిదా దొరికాక వెళ్తారా అంటే, అక్కడా ఒక మాట. పద్దెనిమిది, ఇరవై గంటల ప్రయాణం చేసిన మనిషి "గంటసేపు కూర్చోలేను" అంటే ఎదుటి వైపు టికెట్లు తెరమీద వేసి చూపిస్తుంది. సంగీత్ రాత్రి ఎవరో పెట్టిన పది సెకన్ల వీడియోలో మీ ఆవిడ చేతులెత్తి రెండు అడుగులు వేసినా చాలు. ఆ తర్వాత రెండు రోజులు మంచం మీదే ఉందన్న సంగతి వీడియోలో ఉండదు. వెళ్ళొద్దనను. వెళ్తే సర్జన్ అనుమతి రాతలో తీసుకుని, లాయరుకి చెప్పి వెళ్ళండి.

మీ అత్తగారి విషయంలో మాత్రం తొందరపడండి. మీ ఆవిడని లేపి కూర్చోబెట్టి, జడ వేసి, వంట చేసిన మనిషి ఆవిడ. జ్యూరీకి డాక్టర్ల మాటల కన్నా అలాంటి సాక్ష్యం దగ్గరగా తాకుతుంది. ఆవిడ ఇండియా వెళ్ళాక రప్పించడం మీ చేతిలో ఉండదు, ఆవిడ రాలేకపోతుందని ఇంకో వాయిదా అడిగితే "వెళ్ళకముందు డిపొజిషన్ ఎందుకు తీసుకోలేదు?" అంటారు. విమానం ఎక్కేలోపు వీడియో డిపొజిషన్ తీయించమని లాయరుని అడగండి. సాక్షి ట్రయల్ జరిగే చోటికి 150 మైళ్ళకి మించిన దూరంలో నివసిస్తుంటే ఆ డిపొజిషన్ని జ్యూరీకి చూపొచ్చు, గుంటూరు ఎంత దూరమో చెప్పక్కర్లేదు కదా. ఇదీ డిస్కవరీ గడువులోనే జరగాలి, అంటే ఆ 12 రోజుల్లో, లేదా ఎదుటి వైపు రాసిచ్చిన ఒప్పుకోలుతో. సర్జన్‌కీ ఇదే కిటుకు పనికొస్తుంది. చికిత్స చేసే డాక్టరు డిపొజిషన్ని వీడియో తీసి ట్రయల్లో వాడతామని నోటీసులోనే రాసి ఉంచితే, ట్రయల్ రోజు ఆయన ఆపరేషన్ థియేటర్లో ఉన్నా ఫర్వాలేదు.

తెలుగు ఇంటర్‌ప్రెటర్ని ఇప్పుడే మాట్లాడుకోండి. స్పానిష్‌కీ పంజాబీకీ ఉన్నట్టు తెలుగుకి ఇక్కడ సర్టిఫైడ్ పరీక్ష లేదు, రిజిస్టర్డ్ అనే వర్గంలో వస్తారు, చేతివేళ్ళ మీద లెక్కపెట్టేంత మంది. ఒక డిపొజిషన్లో ఒకావిడ "నడుం పట్టేసి మంచం దిగలేకపోయింది" అంటే, పాపం ఆ ఇంటర్‌ప్రెటరు "ఆమె నడుముని ఎవరో పట్టుకున్నారు" అని ఇంగ్లీషులో చెప్పాడు. అది సరిదిద్దడానికి అరగంట పట్టింది. మీ వాళ్ళ యాస తెలిసినవాళ్ళు దొరికితే అదృష్టం.

వాయిదా ఎన్నాళ్ళు అడగాలి? రెండు నెలలడిగి, ఆపరేషన్ తేదీయే దొరక్క మళ్ళీ వెళ్తే రెండోసారి తలుపు తెరుచుకోదు. ఏడాది అడిగితే మొదటిసారే తెరుచుకోదు. ఆపరేషన్ ఎప్పుడు, కోలుకోవడానికి ఎంత, ఆ తర్వాత డిపొజిషన్లకి ఎంత అని సర్జన్ చేత ఒక చిన్న డిక్లరేషన్ రాయించి, ఆ కూడిక ఎంతైతే అంత అడగాలి. థాంక్స్‌గివింగ్‌కీ కొత్త సంవత్సరానికీ మధ్య తేదీ ఒప్పుకోకండి, ఆ రోజుల్లో జ్యూరీకి మనుషులు దొరకడమే కష్టం. కొత్త తేదీ వచ్చాక కూడా ఆ రోజే మొదలవుతుందని నమ్మకం లేదు. కోర్టు గది ఖాళీ లేకపోతే కేసుని ట్రెయిలింగ్‌లో పెడతారు, అంటే ఇవాళ కాదు రేపు, రేపు కాదు ఎల్లుండి అని ఫోను దగ్గర కూర్చోవడం. ఉద్యోగంలో సెలవు తీసుకునేటప్పుడు ఒక వారం ఎక్కువ పెట్టుకోండి.

ఇంకో గడువు వీటన్నిటి కింద నిశ్శబ్దంగా నడుస్తుంటుంది. కేసు వేసిన రోజు నుంచి అయిదేళ్ళలో ట్రయల్ మొదలవ్వాలి, జ్యూరీ ట్రయల్ అయితే జ్యూరీ ప్రమాణం చేసేదాకా మొదలైనట్టు కాదు. మీది 2028 మార్చి. దాటితే కోర్టు కేసు కొట్టేయాల్సిందే, మన్నించే వీలు చాలా తక్కువ. వాయిదా పడిన ప్రతిసారీ ఈ గడువు కూడా దానంతటదే పెరుగుతుందని చాలామంది అనుకుంటారు. పెరగదు. పెంచాలంటే ఇద్దరూ ఆ మాట అనుకుని రాతలో పెట్టుకోవాలి, లేదా జడ్జి ముందు రికార్డు మీద ఒప్పుకోవాలి. మీకు దగ్గర్లో ఉందా లేదా అన్నది కొత్త తేదీని బట్టి లాయరుతో కలిసి లెక్క చూసుకోండి.

ఒకవేళ జడ్జి కాదంటే? కొన్నిసార్లు అంటారు. సాక్ష్యం అందుబాటులో లేదని వాయిదా అడిగినప్పుడు ఒక చిత్రమైన నిబంధన ఉంది, 595.4. ఆ సాక్షి వచ్చి ఏం చెప్తాడో మీరు చెప్పాక, ఎదుటి వైపు "సరే, అతను అలా చెప్పినట్టే లెక్క" అని ఒప్పుకుంటే వాయిదా ఇవ్వకూడదు. మీ సర్జన్ మాటని వాళ్ళు అలా ఒప్పుకుంటారని నేననుకోను, కానీ మీ లాయరు దానికి సిద్ధంగా వెళ్ళాలి. పై కోర్టుకి రిట్ వేయొచ్చు, అరుదుగా గెలుస్తారు. లాస్ ఏంజెలెస్ కౌంటీ మీద వేసిన ఒలివెరోస్ కేసులో, లాయరు ఇంకో ట్రయల్లో ఇరుక్కుని ఉంటే వాయిదా ఇవ్వకపోవడం తప్పని 2004లో అప్పీలు కోర్టు చెప్పింది. కేసులు త్వరగా ముగించాలన్న లెక్క న్యాయాన్ని మింగేయకూడదన్నది అందులో సారాంశం. దాన్ని మీ అర్జీలో ఉదహరిస్తారు, కానీ దాని మీద ఆధారపడకండి.

"కేసు వెనక్కి తీసుకుని ఆపరేషన్ అయ్యాక మళ్ళీ వేద్దాం" అని ఎవరో స్నేహితుడు చెప్పారని రాశారు. వద్దు. ఇక్కడ గాయాల కేసు వేయడానికి గడువు ప్రమాదం నుంచి రెండేళ్ళు. మీది ఎప్పుడో దాటింది. వెనక్కి తీసుకున్నారంటే ఇక అంతే. మధ్యలో లాయరుని మార్చడం కూడా ఇప్పుడు తెలివైన పని కాదు. కొత్త లాయరు వచ్చాడన్న ఒక్క కారణంతో జడ్జి తేదీ మార్చడు.

పోయినేడు వాయిదా వేసిన ఆర్డరు మీ లాయరు ఆఫీసులో ఉంటుంది, అలమీడా కోర్టు వెబ్‌సైట్లో కేసు నంబరు కొట్టి కూడా వెతకొచ్చు. ఒకటో రెండో పేజీలు. డిస్కవరీ గడువుల గురించి అందులో వాక్యం ఉందో లేదో చూసి, కేసు నంబరూ పేర్లూ తీసేసి ఆ ఒక్క వాక్యం ఇక్కడ రాయండి. దాన్ని బట్టి మీకున్నది 12 రోజులా, లేక ముందు తలుపు తెరిపించే మోషన్ వేయాలా అన్నది చెప్పగలను.